హార్డ్ స్కిల్స్, సాఫ్ట్ స్కిల్స్ అంటే అసలేంటి, అకౌంట్స్ జాబ్ కోసం రెండూ ఎలా రెడీ చేస్కోవాలి

బీకాం అయిపోయి అకౌంట్స్ జాబ్ కోసం తిరుగుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నా. వేరే లైన్ వాళ్లకి కూడా పద్ధతి ఇదే, వాళ్ల సంగతి కూడా మధ్యలో కొంచెం చెప్తా. నేను హైదరాబాద్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీ అకౌంట్స్‌లో చాలా ఏళ్లుగా చేస్తున్నా, కొన్నేళ్ల నుంచి ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలకి నన్ను కూడా కూర్చోబెడుతున్నారు. వచ్చే రెజ్యూమ్‌ల్లో చాలావాటిల్లో ఒకటే వరస, పైన "హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్" అని ఉంటుంది, కింద "టాలీ, ఎంఎస్ ఆఫీస్" అని ఉంటుంది, అంతే. సరే అని ఒక పర్చేజ్ బిల్లు చేతికిచ్చి టాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎంట్రీ కొట్టమంటే సీజీఎస్టీ ఎస్జీఎస్టీ (మన స్టేట్‌లోనే కొంటే పడే జీఎస్టీ) వెయ్యాలా ఐజీఎస్టీ (వేరే స్టేట్ నుంచి కొంటే పడేది) వెయ్యాలా అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు చకచకా కొట్టేస్తారు, కానీ "ఈ పార్టీ బిల్లు పంపట్లేదు, ఏం చేస్తారు" అంటే "మెయిల్ పెడతాను సార్" అని ఊరుకుంటారు. మెయిల్‌కి రిప్లై రాకపోతే అంటే ఇంకో మెయిల్ అంటారు. తెలివిలేని పిల్లలు కాదు వీళ్లు, కాలేజీలో ఎవరూ ఇది విడమర్చి చెప్పలేదు అంతే.

ముందు అర్థం తెలుసుకుందాం. హార్డ్ అంటే కష్టం, సాఫ్ట్ అంటే తేలిక అని చాలామంది అనుకుంటారు, అది కాదు. ఈ సాఫ్ట్ స్కిల్స్ అన్న మాట అమెరికా ఆర్మీ నుంచి వచ్చింది, 1972లో టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో వాళ్లు దీని మీద ఒక కాన్ఫరెన్స్ కూడా పెట్టుకున్నారు. ట్యాంకు నడపడం, తుపాకీ విప్పి బిగించడం లాంటి మెషిన్‌తో చేసే పనికి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలో వాళ్లకి బాగా తెలుసు, కానీ మనుషులతో, కాగితాలతో చేసే పనులు, అంటే కింది వాళ్లని చూస్కోవడం, రిపోర్ట్ రాయడం, ఇవి ఎలా నేర్పాలో తేలక వాటికి వేరే పేరు పెట్టుకున్నారు. కాబట్టి మీకు గుర్తుండేలా చెప్పాలంటే, టెస్ట్ పెట్టి మార్కులు వెయ్యగలిగేది హార్డ్ స్కిల్, నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు మాత్రమే బయటపడేది సాఫ్ట్ స్కిల్.

మన దగ్గర ఇది కొత్తదేం కాదు. వెనకటికి షావుకారు కొట్లో గుమాస్తాని పెట్టుకునేటప్పుడు కూడా రెండూ చూసేవాళ్లు. చిట్టా ఆవర్జా (రోజువారీ లెక్క, ఖాతాల లెక్క పుస్తకాలు) రాయడం వచ్చా, కూడిక తప్పు పోకుండా వస్తుందా, ఇది ఒకటి. బాకీ అడగడానికి వెళ్తే పార్టీతో గొడవ పెట్టుకోకుండా డబ్బు తెస్తాడా, కొట్టు లెక్కలు బయట చెప్పకుండా ఉంటాడా, ఇది రెండోది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అని ఊరికే అనలేదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే మన పిల్లల్ని దీనంత ఇబ్బంది పెట్టేది ఇంకోటి లేదు. సాఫ్ట్ స్కిల్స్ అంటే ఇంగ్లీష్ కాదు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు "నాకు సాఫ్ట్ స్కిల్స్ లేవండి" అంటారు, ఏంటమ్మా అంటే "ఇంగ్లీష్ రాదు" అంటారు. అసలు లెక్కకి ఇంగ్లీష్ హార్డ్ స్కిల్ కిందకి వస్తుంది, గ్రామర్ తప్పులు లెక్కపెట్టొచ్చు, ఐఈఎల్టీఎస్ లాంటి పరీక్ష పెట్టి స్కోర్ ఇవ్వొచ్చు, రోజూ కూర్చుంటే ఆరు నెలల్లో పెంచుకోవచ్చు. ఇంగ్లీష్ దంచి మాట్లాడుతూ చెప్పిన పని చెప్పిన టైముకి ఇవ్వనివాళ్లని చూశా, తెలుగులోనే మాట్లాడుతూ పది మంది సప్లయర్లతో ఫోన్‌లో పని చేయించుకునే వాళ్లనీ చూశా. రెండో రకం వాళ్లనే మా సార్ వదులుకోరు. ఇంగ్లీష్ అక్కర్లేదు అనట్లేదు, మెయిల్స్ రాయాలి కాబట్టి కావాలి, కానీ దాన్ని ఎక్సెల్ పక్కన పెట్టి నేర్చుకోండి, మీ గుణం తక్కువైనట్టు బాధపడకండి.

రెండూ ఒకే పనిలో ఎలా కలిసుంటాయో మా ఆఫీసులో ప్రతి నెలా జరిగేదే చెప్తా, ఇది అర్థమైతే మిగతాదంతా తేలికే.

జీఎస్టీలో మనం కొన్న సరుకు మీద కట్టిన ట్యాక్స్‌ని మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకుంటాం, అది ఇన్‌పుట్ క్రెడిట్. లక్ష రూపాయల సరుకు మీద 18 శాతం అంటే 18,000. కానీ ఆ సప్లయర్ తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్న్‌లో, మన బిల్లు చూపిస్తేనే అది మన జీఎస్టీఆర్-2బీలోకి, అంటే మనకి ఏ బిల్లుల క్రెడిట్ ఉందో చూపించే లిస్టులోకి, వస్తుంది. నెలనెలా ఫైల్ చేసేవాళ్లు జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11 లోపు వెయ్యాలి, 14న మన 2బీ తయారవుతుంది, మనం 20 లోపు 3బీ (ఆ నెల ట్యాక్స్ లెక్క చూపించే రిటర్న్) వేసి ట్యాక్స్ కట్టాలి. 2బీలో లేని బిల్లుకి క్రెడిట్ తీస్కోకూడదు. అంటే 14 నుంచి 20 దాకా మీ చేతిలో ఉండేది ఆరు రోజులు, ఆ ఆరు రోజుల్లో మన పర్చేజ్ రిజిస్టర్‌ని 2బీతో ఎక్సెల్‌లో మ్యాచ్ చేసి ఏ బిల్లులు రాలేదో తేల్చాలి. మన పుస్తకంలో బిల్ నంబర్ 45 అని ఉంటుంది, వాళ్లు 0045 అని వేసి ఉంటారు, వీలుకప్ (ఒక షీట్‌లోది ఇంకో షీట్‌లో వెతికే ఎక్సెల్ ఫార్ములా) పట్టుకోదు, ఒక్కోసారి వెనక స్పేస్ ఉంటుంది, ట్రిమ్ (అదనపు స్పేస్‌లు తీసేసే ఫార్ములా) కొడితే తప్ప మ్యాచ్ అవ్వదు. ఇదంతా హార్డ్ స్కిల్.

తేల్చాక ఏం చేస్తారు? ఐదుగురు సప్లయర్లు బిల్లు చూపించలేదు. ఇప్పుడు ఫోన్ తియ్యాలి. అవతల వాళ్ల అకౌంటెంట్‌కి కూడా అదే వారం, అతనికీ నెత్తిన పనే, "మీరు ఫైల్ చెయ్యలేదు, మా క్రెడిట్ పోయింది" అని మొదలుపెడితే ఫోన్ పెట్టేస్తాడు. "అన్నా, ఫలానా తారీఖు బిల్లు, నంబర్ ఇది, అమౌంట్ ఇది, 2బీలో కనపడలేదు, ఒకసారి చూస్తారా, నేను బిల్లు వాట్సాప్‌లో పెట్టా, సాయంత్రం నాలుగింటికి మళ్లీ చేస్తా" అంటే చూస్తాడు. నాలుగింటికి నిజంగా మళ్లీ చెయ్యాలి. చూసి "మర్చిపోయామండీ, వచ్చే నెల వేస్తాం" అంటే, ఆ క్రెడిట్ ఈ నెల రాదు కాబట్టి క్యాష్ ఎంత ఎక్కువ కట్టాలో లెక్కేసి సార్‌కి 16నే చెప్పాలి, ఆయన డబ్బు సర్దుకోవాలి కదా. 20 సాయంత్రం చెప్తే ఆయన ఏం చేస్తాడు, కట్టడం లేటయితే ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ, పైన రోజుకి 50 లేట్ ఫీజు. ఫోన్ చేసే పద్ధతి, చెప్పిన టైముకి మళ్లీ చెయ్యడం, చెడ్డ కబురు ముందే చెప్పడం, ఇవి సాఫ్ట్ స్కిల్స్. ఎక్సెల్ ఎంత వచ్చినా ఈ రెండో సగం లేకపోతే కంపెనీకి ఆ 18,000 రాదు.

నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. కొత్తగా చేరిన ఆఫీసులో బీఆర్ఎస్, అంటే బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో మన బ్యాంక్ బుక్ సరిచూడటం, నాకిచ్చారు. ఒక పార్టీ ఇచ్చిన 1,80,000 చెక్కు రిటర్న్ అయ్యింది, నేను స్టేట్‌మెంట్‌లో చూశా, ఎంట్రీ కూడా కరెక్ట్‌గా రివర్స్ చేశా, కానీ ఎవరికీ చెప్పలేదు, పెద్దవాళ్లకి తెలిసే ఉంటుందిలే అనుకున్నా. రెండ్రోజుల తర్వాత గోడౌన్ నుంచి అదే పార్టీకి ఇంకో లోడు వెళ్లిపోయింది. నన్ను ఎవరూ తిట్టలేదు, "చూశావు కదా, ఒక్క మాట చెప్పాల్సింది" అన్నారు, ఆ మాట ఇప్పటికీ గుర్తే. నా పని తప్పు కాదు, లెక్క పైసాతో సహా కరెక్టే. చెప్పకపోవడమే తప్పు.

ఇక మీరు చెయ్యాల్సింది.

మొదటి పని, పది జాబ్ యాడ్‌లు తియ్యండి. నౌక్రీ, లింక్డిన్, అప్నా, ప్రభుత్వం వాళ్ల నేషనల్ కెరీర్ సర్వీస్, ఎక్కడైనా సరే, మీరు వెళ్లగలిగే ఊళ్లో, మీ ఎక్స్‌పీరియన్స్‌కి సరిపోయేవి. ఒక తెల్ల కాగితం మీద నిలువు గీత గీసి ఎడమ పక్క హార్డ్, కుడి పక్క సాఫ్ట్ అని రాసి, యాడ్‌లో ఉన్న ప్రతి మాటా ఏదో ఒక పక్క వెయ్యండి. ఎన్ని యాడ్‌లలో వచ్చిందో పక్కన గీతలు పెట్టుకోండి. ఎడమ పక్క తేలికే, టాలీ ప్రైమ్, జీఎస్టీ రిటర్న్స్, టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ట్యాక్స్), బీఆర్ఎస్, ఎక్సెల్ ఇవే తిరుగుతుంటాయి. కుడి పక్కే అర్థం చేస్కోవాలి, యాడ్‌లో ఇంగ్లీష్ ఒకటుంటుంది, ఆఫీసులో జరిగేది ఇంకోటుంటుంది. "ఎబిలిటీ టు మీట్ డెడ్‌లైన్స్" అంటే నెలలో 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ, ఈ మూడు తారీఖులు మీ తలలో ఉండాలి, ఎవరూ గుర్తు చెయ్యకూడదు. (మార్చి నెల టీడీఎస్‌కి మాత్రం ఏప్రిల్ 30 దాకా టైముంటుంది, ఇది ఇంటర్వ్యూలో అడుగుతారు.) "కోఆర్డినేషన్ విత్ అదర్ డిపార్ట్‌మెంట్స్" అంటే సేల్స్ వాళ్లు బిల్లులు ఇవ్వరు, గోడౌన్ వాళ్లు జీఆర్ఎన్ (సరుకు అందిందని రాసే చీటీ) ఇవ్వరు, మీరే వెళ్లి తెచ్చుకోవాలి, అలగకుండా. "వర్క్ అండర్ ప్రెషర్" అంటే మార్చి ఎండింగ్, ఆడిట్. "అటెన్షన్ టు డీటెయిల్" అంటే 5,400కి 4,500 కొట్టకపోవడం, కొట్టినా మీరే పట్టుకోవడం. "ఇంటెగ్రిటీ" అంటే క్యాష్ మీ దగ్గరుంటుంది, జీతాలు ఎవరికెంతో మీకు తెలుస్తుంది, నోరు మెదపకూడదు. ఇలా ప్రతి మాటకీ మీ సొంత తెలుగులో అర్థం రాసుకోండి, తెలీకపోతే పనిచేస్తున్న సీనియర్‌ని ఎవర్నైనా అడగండి.

రెండో పని, ఎడమ పక్కవాటికి మీకు మీరే నంబర్ వేస్కోండి, నిజాయితీగా. పేరు విన్నా అంటే 1. కోచింగ్‌లో సార్ చెప్తుంటే చేశా అంటే 2. ఎవరూ పక్కన లేకుండా ఒక్కడినే మొదట్నుంచి చివరిదాకా చెయ్యగలను అంటే 3. ఎవరైనా తప్పు చేసి ఇస్తే ఎక్కడ తప్పుందో పట్టుకోగలను అంటే 4. రెజ్యూమ్‌లో 3, 4 మాత్రమే రాయండి. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి వచ్చినవాళ్లు చాలామంది 2 దగ్గర ఉంటారు, సర్టిఫికెట్ ఉంటుంది కాబట్టి 3 అనుకుంటారు, అక్కడే దొరికిపోతారు.

2 నుంచి 3కి ఎలా వెళ్లాలి అంటే, కోర్సు ఇంకోటి కొనడం కాదు, పని చెయ్యాలి. టాలీ ప్రైమ్ లైసెన్స్ లేకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో వాడుకోవచ్చు, నెలలో 1, 2 తారీఖుల్లాంటి కొన్ని తేదీల్లోనే ఎంట్రీలు పడతాయి కానీ ప్రాక్టీస్‌కి అది చాలు. మీ వీధిలో కిరాణా కొట్టో మెడికల్ షాపో తెలిసినవాళ్లది ఉంటే పాత బిల్లులు ఒక నెలవి అడగండి, వాళ్లకి ఇబ్బంది లేకుండా పార్టీ పేర్లు మార్చి వాడుకోండి. ఒక కంపెనీ ఓపెన్ చేసి ఆ నెల మొత్తం కొట్టండి, ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, వేళ్లు వాటంతటవే వెళ్లాలి. ప్రతి బిల్లు మీద జీఎస్టీ నంబర్ చూడండి, 15 అక్షరాలుంటాయి, మొదటి రెండంకెలు స్టేట్ కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. మన షాపు హైదరాబాద్‌లో ఉండి సరుకు విజయవాడ పార్టీ నుంచి వస్తే 37తో మొదలవుతుంది, వేరే స్టేట్ కాబట్టి మామూలుగా ఐజీఎస్టీ, 36 అయితే సీజీఎస్టీ ఎస్జీఎస్టీ చెరి సగం. ఇంకోటి, జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఎవరి నంబరైనా కొట్టి వాళ్లు రిటర్న్స్ వేశారో లేదో చూడొచ్చు, ఇది చేసి చూడండి, ఇంటర్వ్యూలో "పార్టీ ఫైల్ చేశాడో లేదో ఎలా తెలుస్తుంది" అంటే మీరు చేసిన పని చెప్తారు, చదివింది కాదు.

ఎక్సెల్‌కి ఒకే ఒక్క ప్రాక్టీస్ చెప్తా. రెండు షీట్లు చేస్కోండి, ఒకదాంట్లో 60 బిల్లులు, రెండో దాంట్లో అవే కానీ ఐదు తీసేసి, మూడు బిల్ నంబర్లు మార్చి, ఇంకో రెండు బిల్లుల్లో అమౌంట్ పది రూపాయలు తేడా పెట్టి, ఫ్రెండ్‌తో చేయించండి, మీకు ఎక్కడ మార్చారో తెలీకూడదు. మీరు కూర్చుని పదీ పట్టుకోవాలి. వీలుకప్, సమ్ ఇఫ్, ట్రిమ్, ఫిల్టర్, పివట్ అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. మొదటిసారి రెండు గంటలు పడుతుంది, వారం చేస్తే ఇరవై నిమిషాల్లోకి వస్తుంది. అప్పుడు మీరు 4.

మూడో పని, కుడి పక్క. ఇక్కడ నంబర్లు వెయ్యలేం, సంఘటనలు రాయాలి. ప్రతి మాట ఎదురుగా "ఇది నేను ఎప్పుడు చేశా" అని ఒక్క సంఘటన రాయండి. జాబ్ చెయ్యలేదు కదా ఏం రాస్తాం అంటారు. నేను ఇంటర్వ్యూలో అడిగి అడిగి బయటికి లాగిన ఒక అమ్మాయి విషయం చెప్తా. డిగ్రీ మూడేళ్లూ వాళ్ల అమ్మ వాళ్ల డ్వాక్రా గ్రూపుకి లెక్కలు ఈ అమ్మాయే రాసేది, పది మంది దగ్గర నెలనెలా పొదుపు, లోన్ వాయిదా వసూలు చేసి, ఎవరు ఇచ్చారు ఎవరు ఇవ్వలేదు రాసి, బ్యాంకుకి వెళ్లి కట్టేది. ఒకావిడ రెండు నెలలు కట్టకపోతే మీటింగ్‌లో అందరి ముందూ అనకుండా సాయంత్రం ఇంటికెళ్లి మాట్లాడి, పెద్ద మొత్తం కాకుండా కొంచెం కొంచెంగా కట్టించింది. రెజ్యూమ్‌లో ఇది ఒక్క ముక్క లేదు, "టీమ్ ప్లేయర్" అని ఉంది. నేనడగకపోతే వెళ్లిపోయేది. వసూళ్లు, ఫాలో అప్, నమ్మకం, గుట్టు, మా ఆఫీసుకి కావాల్సినవన్నీ ఆ అమ్మాయి మూడేళ్లుగా చేస్తోంది, కానీ అది స్కిల్ అని ఆ అమ్మాయికే తెలీదు.

మీ దగ్గర కూడా ఇలాంటివి ఉంటాయి. నాన్న కొట్లో కూర్చోవడం, పొలంలో కూలీల లెక్క రాయడం, హాస్టల్ మెస్ కమిటీ, ఎన్ఎస్ఎస్ క్యాంపు, వినాయక చవితి చందాలు వసూలు చేసి చివర్లో ఖర్చుల లెక్క గుడి దగ్గర అంటించడం, ట్యూషన్ చెప్పడం, పెళ్లిలో కేటరింగ్‌కి వెళ్లడం. ప్రతి దానికీ మూడు ముక్కలు రాయండి, అక్కడ ఇబ్బంది ఏం వచ్చింది, నేను ఏం చేశా, ఆఖరికి ఏమైంది. లేనిది కల్పించకండి, రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ఏదైనా మాట ఎదురుగా సంఘటన దొరక్కపోతే అది మీకు నిజంగా తక్కువున్న స్కిల్, దాన్ని ఇప్పట్నుంచి పెంచుకోవాలి. ఎలా అంటే పుస్తకం చదివి కాదు. ఫోన్‌లో మాట్లాడటం భయమైతే ఇంట్లో గ్యాస్ బుకింగ్, కరెంట్ బిల్లు కంప్లయింట్, బ్యాంకు పని, ఇవన్నీ నెల రోజులు మీరే తీస్కోండి, మాట్లాడే ముందు చెప్పాల్సిన మూడు విషయాలు కాగితం మీద రాసుకుని చెయ్యండి. చెప్పిన టైముకి పని ఇవ్వడం అలవాటు లేకపోతే, చిన్న పనికైనా ఎవరికైనా టైము చెప్పి ఆ టైముకి ఇవ్వండి, కుదరకపోతే టైము దాటకముందే చెప్పండి. మెయిల్ రాయడం రాకపోతే రోజుకొకటి రాయండి, ఐదు లైన్లు, విషయం ఏంటి, నాకేం కావాలి, ఎప్పటికి కావాలి.

నాలుగోది రెజ్యూమ్. ఒక్క పేజీ. "టాలీ తెలుసు" అని రాయకండి, "ఒక మెడికల్ షాప్ నెల బిల్లులు 140 టాలీ ప్రైమ్‌లో ఎంట్రీ చేసి ట్రయల్ బ్యాలెన్స్ తీశాను" అని రాయండి, ఎన్ని చేశారో నిజం నంబర్ వెయ్యండి. "టీమ్ ప్లేయర్" తీసేసి ఆ అమ్మాయి లాగా "పది మంది సభ్యుల పొదుపు గ్రూపుకి మూడేళ్లు లెక్కలు, వసూళ్లు చూశాను" అని రాయండి. యాడ్‌లో ఏ మాట వాడారో అదే మాట మీ రెజ్యూమ్‌లో ఉండాలి, పోర్టల్స్‌లో హెచ్ఆర్ వాళ్లు ఆ మాటతోనే సెర్చ్ కొడతారు. తండ్రి పేరు, హాబీస్, డిక్లరేషన్ పేరా, వీటితో సగం పేజీ నింపకండి.

ఐదు, ఇంటర్వ్యూ. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే పేరు ఊరు తమ్ముడు చెల్లి కాదు. చదువు ఒక్క వాక్యం, చేసిన పని రెండు వాక్యాలు, ఈ జాబ్‌కి అది ఎలా పనికొస్తుందో ఒక వాక్యం. ఇంగ్లీష్‌లో మొదలుపెట్టి తడబడితే "సార్, ఇది తెలుగులో చెప్పొచ్చా" అని అడగండి, అకౌంట్స్ జాబ్‌కి చాలాచోట్ల ఒప్పుకుంటారు, మేము ఒప్పుకుంటాం. తెలీని ప్రశ్న వస్తే "అది నేను చెయ్యలేదు సార్, కానీ దాని పక్కన ఉండే ఇది చేశా" అనండి. టీడీఎస్ రిటర్న్ వెయ్యకపోయినా ఏ సెక్షన్‌లో ఎంత కట్ చెయ్యాలో చూసి ఎంట్రీ వేసి ఉంటే అది చెప్పండి. మాకు కావాల్సింది అన్నీ వచ్చినవాడు కాదు, వచ్చింది ఎంతవరకో తెలిసినవాడు. వీక్‌నెస్ ఏంటి అంటే "నేను పర్ఫెక్షనిస్ట్" అనకండి, ఆ మాట విని విని ఉన్నాం, నిజంగా ఉన్నది చెప్పి దానికి ఏం చేస్తున్నారో చెప్పండి, "ఫోన్‌లో మాట్లాడటానికి భయపడేదాన్ని, అందుకే ఇంటి పనుల ఫోన్లన్నీ నెల నుంచి నేనే చేస్తున్నా" అంటే ఆ అమ్మాయికి పని నేర్చుకునే గుణం ఉందని నాకు తెలిసిపోతుంది.

వేరే లైన్ వాళ్లు ఇక్కడ వినండి. ఐటీఐ ఫిట్టర్ అయితే వెర్నియర్ కాలిపర్‌తో 0.02 ఎంఎం దాకా రీడింగ్ కరెక్ట్‌గా చెప్పడం ఎడమ పక్క, షిఫ్ట్ మారేటప్పుడు "ఈ మెషిన్ సౌండ్ తేడాగా వస్తోంది, చూస్కో" అని తర్వాతి వాడికి చెప్పి వెళ్లడం కుడి పక్క. నర్స్ అయితే కాన్యులా పెట్టడం, డోసు లెక్క ఎడమ పక్క, రాత్రి రెండింటికి డాక్టర్‌కి ఫోన్ చేసి బీపీ ఎంత, పల్స్ ఎంత, ఎప్పట్నుంచి తగ్గుతోంది అని అర నిమిషంలో చెప్పగలగడం కుడి పక్క. కాగితం అదే, గీత అదే.

కోర్సుల గురించి క్లుప్తంగా. డబ్బులు పెట్టే ముందు ఫ్రీవి చూడండి. కేంద్ర ప్రభుత్వం వాళ్ల స్వయం పోర్టల్‌లో కామర్స్ కోర్సులు ఫ్రీగా చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. తెలంగాణలో టాస్క్, ఆంధ్రలో ఏపీఎస్ఎస్‌డీసీ, రెండూ ప్రభుత్వం వాళ్ల స్కిల్ ట్రైనింగ్ సంస్థలే, మీ కాలేజీకి వాటితో లింకు ఉందేమో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని అడగండి. పల్లెటూరి పిల్లలకైతే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (పల్లె పిల్లలకి పని నేర్పే ట్రైనింగ్ సెంటర్లు) ఉండటానికి, తినడానికి కూడా ఫ్రీ, కొన్నిట్లో కంప్యూటర్ అకౌంటింగ్ బ్యాచ్‌లు కూడా నడుస్తాయి, మీ జిల్లాది ఎక్కడుందో ఏ బ్రాంచ్‌లోనైనా అడగండి. ఇక "30,000 కట్టు, జాబ్ గ్యారంటీ" అనేవాళ్ల దగ్గరికి, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తాం అనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. ఆ కాగితం వెరిఫికేషన్‌లో పట్టుబడితే జాబ్ పోతుంది, పేరూ పోతుంది, అమ్మానాన్నలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కూడా పోతుంది. జాబ్ ఇచ్చేవాళ్లు మీ దగ్గర డబ్బు అడగరు, మీకు జీతం ఇస్తారు.

జాబ్ వచ్చాక మొదటి నెల. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోండి, ఫోన్‌లో కాదు, టేబుల్ మీద కనపడేలా. ఎవరు ఏం చెప్పినా రాయండి, ఒకే విషయం మూడోసారి అడిగే పరిస్థితి రాకూడదు, రెండోసారి దాకా ఎవరూ ఏమీ అనుకోరు. అడిగేటప్పుడు "ఇది రావట్లేదు" అని స్క్రీన్ చూపించకండి, "ట్రయల్ బ్యాలెన్స్‌లో 2,350 తేడా వస్తోంది, ఫలానా మూడు చోట్ల చూశా, అక్కడ లేదు, ఇంకెక్కడ చూడాలి" అని అడగండి, సీనియర్ కుర్చీ లాక్కుని మీ పక్కన కూర్చుంటాడు. మీవల్ల తప్పు జరిగితే మీరే ముందు చెప్పండి, సరిదిద్దే దారి కూడా ఒకటి ఆలోచించుకుని వెళ్లండి. గోడౌన్ వాళ్లు, డ్రైవర్లు, ఆఫీస్ బాయ్, వీళ్ల పేర్లు మొదటి వారంలోనే తెలుసుకోండి, బిల్లులు వచ్చేది వాళ్ల చేతుల మీదుగానే. రోజూ సాయంత్రం వెళ్లే ముందు మీ సార్‌కి ఒక్క నిమిషం, ఈరోజు ఇవి అయిపోయాయి, ఇది ఆగింది, ఎందుకు ఆగిందంటే ఇదీ, రేపు పొద్దున్నే దీంతో మొదలుపెడతా అని చెప్పండి. ఆయన తల కూడా ఎత్తకుండా "సరే" అన్నా చెప్పండి. పది రోజులయ్యాక ఆయనే మీ టేబుల్ దగ్గరికొచ్చి "ఆ చెక్కు క్లియర్ అయ్యిందా" అని మిమ్మల్నే అడుగుతారు.